సీలేరు నీళ్లు: కొండల్లో కరెంటు, డెల్టాలో దాళ్వా

క్లుప్తంగా: ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో మాచ్‌ఖండ్–సీలేరు నది మీద వరసగా ఉన్న జలాశయాలను కట్టింది కరెంటు కోసం. ఇప్పుడు గోదావరి డెల్టా రబీ పంటకు కూడా అవే ఆధారం. ఈ వ్యవస్థలో నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో, వాటిని ఏ నెలలో వదులుతారన్నదీ అంతే ముఖ్యం. పంప్డ్ స్టోరేజీ (నీటిని తిరిగి పైకి తోడి మళ్లీ కరెంటు తీసే పద్ధతి), పోలవరం పూర్తయితే ఈ లెక్కలు మారతాయి. కొండల్లో భూములు పోగొట్టుకున్నవాళ్ల లెక్క మాత్రం ఇప్పటికీ తేలలేదు.

గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు ముగిసి దాళ్వా (రబీ వరి) నారుమళ్ల మాట మొదలైందంటే చాలు, సాగునీటి సమావేశాల్లోనూ రచ్చబండల దగ్గరా సీలేరు పేరు వినపడుతుంది. అక్కడి నుంచి వచ్చే నీటిని బట్టే ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వొచ్చో తేలుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరి పొట్ట మీద ఉన్నప్పుడు శివారు కాలువలు ఎండితే 'సీలేరు నీళ్లు పెంచండి' అన్న డిమాండ్ మళ్లీ లేస్తుంది. సరిగ్గా అప్పుడే ఎండలు ముదురుతాయి, కరెంటు వాడకం పెరుగుతుంది. రాష్ట్ర ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ ఏపీ జెన్‌కో తన జలాశయాల మట్టాలను రోజూ లెక్కపెట్టుకునే కాలం కూడా అదే.

డెల్టా రైతుల్లో చాలామంది ఆ కొండలను చూసి ఉండరు. ఆ కొండల్లో ఉండేవాళ్లకు డెల్టా కాలువలతో పనిలేదు. ఈ రెండు చోట్లనూ కలుపుతున్నది ఒక నది, దాని మీద మెట్లు మెట్లుగా కట్టిన ఆనకట్టలు. ఏటా వచ్చే ఈ తగువు అర్థం కావాలంటే ముందు ఆ మెట్లు ఎలా దిగుతాయో చూడాలి.

## ఒకే నీరు, ఎన్నిసార్లు పనిచేస్తుంది?

మాడుగుల కొండల్లో పుట్టి, రెండు రాష్ట్రాల సరిహద్దుగా పారే మాచ్‌ఖండ్ నది దిగువకు వచ్చేసరికి సీలేరు అవుతుంది. సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ దారిలో నది దిగే ఎత్తే దాని సంపద.

జలాశయాల పూర్తి స్థాయి నీటిమట్టాలను వరసగా చూస్తే సంగతి తెలిసిపోతుంది. అన్నింటికంటే పైన ఉన్న జోలాపుట్ మట్టం 2,750 అడుగులు. దాని కింద డుడుమ 2,590, తర్వాత బలిమెల 1,516, గుంటవాడ 1,360, చివరగా డొంకరాయి 1,037. జోలాపుట్‌లో బయల్దేరిన నీటి చుక్క డొంకరాయి చేరేసరికి 1,713 అడుగులు, అంటే 520 మీటర్లకు పైగా దిగుతుంది. డొంకరాయి తర్వాత పొల్లూరు పవర్‌హౌస్ దగ్గర ఇంకో పెద్ద దిగుడు ఉంది.

జలవిద్యుత్తు లెక్క సులువు. నీటి పరిమాణాన్ని అది పడే ఎత్తుతో గుణిస్తే వచ్చే శక్తి తెలుస్తుంది. ఒక టీఎంసీ నీరు, అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు, 100 మీటర్ల ఎత్తు నుంచి టర్బైన్ మీద పడితే సుమారు 70 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. అదే నీరు కిందికి పోయి మరో వంద మీటర్లు పడితే మరో 70 లక్షలు. నీరు ఖర్చు కాదు, ఎత్తు మాత్రమే ఖర్చవుతుంది. మైదానంలో ఎంత పెద్ద జలాశయం కట్టినా రాని లాభం కొండనదిలో వచ్చేది ఇందుకే.

ఈ వరసలో మొదటిది మాచ్‌ఖండ్. డుడుమ జలపాతానికి ఎగువన నదిని మళ్లించి, ఆ నీటిని గొట్టాల ద్వారా లోయ అడుగున ఉన్న పవర్‌హౌస్‌కు దించుతారు. ఒకప్పుడు జలపాతంగా దూకిన నీటిలో చాలా భాగం ఇప్పుడు ఆ గొట్టాల్లోంచే దిగుతోంది. ఒడిశా కోరాపుట్ జిల్లా ఒనకడిల్లి దగ్గర కొండ అంచు నుంచి పవర్‌హౌస్‌కు వెళ్లాలంటే వించ్ ఎక్కాలి. వాలు మీద వేసిన పట్టాలు, వాటి మీద ఉక్కు తాడుతో లాగే ట్రాలీ. మనుషులకైనా సామానుకైనా అదే దారి. అంత నిట్టనిలువు వాలు ఉండబట్టే అక్కడ పవర్‌హౌస్ పెట్టారు. తక్కువ దూరంలో ఎక్కువ ఎత్తు దొరికితే కాలువలు, సొరంగాలు, గొట్టాల ఖర్చు తగ్గుతుంది.

1955 ఆగస్టులో అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మాచ్‌ఖండ్ కేంద్రాన్ని ప్రారంభించారు. మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. 17 మెగావాట్ల యూనిట్లు మూడు, 23 మెగావాట్లవి మూడు, కలిపి 120 మెగావాట్లు. ఈ రోజుల్లో ఇది చిన్న అంకె. ఆ రోజుల్లో విశాఖపట్నం మొదలుకొని కోస్తా పట్టణాలకు, ఫ్యాక్టరీలకు అదే పెద్ద దిక్కు.

తర్వాతి మెట్లు నెమ్మదిగా వచ్చాయి. ఎగువ సీలేరులో 60 మెగావాట్ల యూనిట్లు రెండు 1967–68లో, మరో రెండు 1994–95లో పనిలోకి వచ్చాయి. పొల్లూరు దగ్గర దిగువ సీలేరులో 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు 1976–78 మధ్య వచ్చాయి. 1983లో డొంకరాయి దగ్గర 25 మెగావాట్ల చిన్న యూనిట్ పెట్టారు. మాచ్‌ఖండ్‌తో కలిపి మొత్తం 845 మెగావాట్లు. దిగువ సీలేరులో మరో రెండు 115 మెగావాట్ల యూనిట్లకు పనులు చేపట్టారు.

## బలిమెల దగ్గర పంపకం

మాచ్‌ఖండ్ రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. మొదట మద్రాసు, ఒరిస్సా మధ్య 70:30గా ఉన్న వాటా కాలక్రమంలో సగం సగానికి వచ్చింది. అక్కడ పంచుకునేది కరెంటును. బలిమెలలో సంగతి వేరు, అక్కడ పంచుకునేది నీటిని.

ఈ వరసలో అన్నింటికంటే పెద్ద నిల్వ బలిమెలదే. వాడుకోదగ్గ నిల్వ 2,676 మిలియన్ ఘనపు మీటర్లు, అంటే 94 టీఎంసీలకు పైమాట. 34 టీఎంసీల జోలాపుట్ దీని ముందు చిన్నది. 1962 నాటి ఒప్పందం ప్రకారం ఇక్కడి నీటిలో సగం ఆంధ్రాది, సగం ఒడిశాది. ఒడిశా తన వాటాను సొరంగం గుండా మల్కన్‌గిరి వైపు మళ్లించి 510 మెగావాట్ల బలిమెల పవర్‌హౌస్ నడుపుతుంది. అక్కడి నుంచి ఆ నీరు పొట్టేరు ఆయకట్టుకు పోతుంది. ఆంధ్రా వాటా నదిలోనే కిందికి దిగి గుంటవాడ చేరుతుంది.

అందుకే పత్రికల్లో 'బలిమెలలో ఇన్ని టీఎంసీలు ఉన్నాయి' అని చదివి, అవన్నీ దాళ్వాకు వస్తాయని అనుకోవడం పొరపాటు. అందులో ఆంధ్రా ఖాతాలో మిగిలినదెంత అన్నదే అసలు ప్రశ్న. ఒక ఏడాది ఒక రాష్ట్రం తన వాటాకు మించి వాడితే రెండు వైపుల ఇంజినీర్లు కూర్చుని లెక్క సరిచేసుకుంటారు. రెండు రాష్ట్రాలు దశాబ్దాలుగా పెద్ద గొడవ లేకుండా నడిపిస్తున్న ఏర్పాటు ఇది. కృష్ణా జలాల మీద ఏటా జరుగుతున్న రభసను చూసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

## నలభై టీఎంసీల లెక్క

డెల్టాకు ఈ నీళ్లు ఎందుకంత అవసరం? గోదావరిలో ఏటా వేల టీఎంసీల వరద సముద్రంలోకి పోతుండగా దాళ్వాకు నీటి కొరత ఏమిటన్నది చాలామందికి వచ్చే సందేహం.

జవాబు ధవళేశ్వరంలో ఉంది. కాటన్ బ్యారేజీ దగ్గర నిలిచే నీరు మూడు టీఎంసీల లోపే. అది నీటిమట్టాన్ని పైకెత్తి కాలువల్లోకి మళ్లించడానికి కట్టినది, నిల్వ చేయడానికి కాదు. జులై నుంచి అక్టోబరు దాకా నదిలో నీళ్లు దండిగా ఉంటాయి కాబట్టి సార్వాకు ఇబ్బంది లేదు. డిసెంబరు తర్వాత ఏ రోజు వచ్చిన నీళ్లు ఆ రోజుకే. తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో నది మీద, ఉపనదుల మీద వాడకం పెరిగే కొద్దీ చలికాలం ప్రవాహం సన్నబడుతుంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి ఆయకట్టు సుమారు పది లక్షల ఎకరాలు. రబీలో మొత్తానికి నీళ్లివ్వాలంటే 90 టీఎంసీల దాకా కావాలి.

సీలేరు వాటా ఎంతో అంకెల్లో చూద్దాం. సెకనుకు 4,000 ఘనపుటడుగులు, అంటే 4,000 క్యూసెక్కులు, ఒక రోజంతా వదిలితే 0.35 టీఎంసీ. డిసెంబరు నుంచి మార్చి ఆఖరు దాకా 120 రోజులు అలాగే వదిలితే 41 టీఎంసీలకు కొంచెం పైన. రబీ ప్రణాళికలో సీలేరు పేరు ఎదురుగా సుమారు 40 టీఎంసీలు కనపడేది ఈ లెక్క మీదే. ఒక టీఎంసీకి పదివేల ఎకరాల వరి అనుకుంటే అది నాలుగు లక్షల ఎకరాల దాళ్వా. మిగిలింది గోదావరి సహజ ప్రవాహం మీద ఆధారపడుతుంది. ఆ ప్రవాహం ఏ ఏడాదికి ఆ ఏడాదే మారుతుంది, ముందుగా చెప్పడం కష్టం. సీలేరు నీళ్లు మాత్రం నవంబరు నాటికే జలాశయాల్లో కంటికి కనపడుతుంటాయి. సాగునీటి సలహా మండలి సమావేశంలో ఎవరైనా ధైర్యంగా హామీ ఇవ్వగలిగిన అంకె అదొక్కటే. దాని ప్రాముఖ్యం అక్కడుంది.

ఈ హామీ తప్పితే ఏమవుతుందో శివారు ఊళ్లలో చూడొచ్చు. ముందు వంతుల వారీ విధానం వస్తుంది. కాలువకు కొన్ని రోజులు నీళ్లు, కొన్ని రోజులు బంద్. మొదట్లో ఉన్న రైతుకు వంతు రోజుల్లో చేను నిండుతుంది. చివర ఉన్న రైతు చేలోకి నీళ్లు చేరేసరికి వంతు అయిపోతుంది. అప్పుడు మురుగు కాలువలకు అడ్డుకట్టలు వేస్తారు, గట్ల మీద ఆయిల్ ఇంజిన్లు దిగుతాయి. డీజిలు ఖర్చు, అద్దె, రాత్రి కాపలా అన్నీ ఎకరా పెట్టుబడి మీద పడతాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న చోట్ల మురుగు కాలువ నీటిలో ఉప్పు ఉంటే తోడుకున్నా ఉపయోగం లేదు. కౌలురైతుకైతే కౌలు ముందే కట్టేసి ఉంటుంది. వెనక్కి తగ్గే దారి ఉండదు.

## గంటల తగువు కాదు, నెలల తగువు

కరెంటుకు, పంటకు మధ్య పోటీ అన్నప్పుడు రెండు వేర్వేరు విషయాలు కలగలిసిపోతాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది రోజులోని గంటలది. జలవిద్యుత్తు గొప్పతనం వేగం. బొగ్గు కేంద్రాన్ని చల్లారిన స్థితి నుంచి పూర్తిగా నడపాలంటే గంటలు పడుతుంది. నీటి టర్బైన్ నిమిషాల్లో అందుకుంటుంది. సాయంత్రం దీపాలు వెలిగే వేళ, సోలార్ కరెంటు పడిపోయే వేళ గ్రిడ్‌ను నిలబెట్టడానికి ఇలాంటి యూనిట్లే కావాలి. అందుకని జెన్‌కో 24 గంటలూ సమానంగా కాకుండా డిమాండ్ ఉన్న గంటల్లో ఎక్కువ నీళ్లు వదలాలనుకుంటుంది. దీనివల్ల డెల్టాకు నష్టం లేదు. పొల్లూరు నుంచి ధవళేశ్వరం దాకా నీరు సీలేరు, శబరి, గోదావరిల గుండా రోజుల తరబడి ప్రయాణిస్తుంది. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ అన్న తేడా దారిలోనే సర్దుకుపోతుంది. ఒక రోజు సీలేరు నీరు మొత్తం 0.35 టీఎంసీ కాబట్టి ఏ కొంచెం తేడా మిగిలినా బ్యారేజీలోని చిన్న నిల్వే దాన్ని తట్టుకుంటుంది.

రెండోది నెలలది. అసలు పోటీ ఇక్కడే. వరికి డిసెంబరు నుంచి మార్చి దాకా నీళ్లు కావాలి. కరెంటుకు గిరాకీ ఎక్కువ ఉండేది మార్చి నుంచి మే దాకా. జలాశయాల్లోకి కొత్త నీరు వచ్చేది జూన్ ఆఖరు తర్వాతే. అంటే నవంబరులో ఉన్న నిల్వతో ఏడు నెలలు నెట్టుకురావాలి. దాళ్వాకు ఎక్కువ ఇస్తే మే నెలలో టర్బైన్ల మీదికి వదలడానికి నీళ్లు తక్కువ. మే కోసం దాచితే ఫిబ్రవరిలో చేలు బీటలు వారతాయి. రెండూ న్యాయమైన అవసరాలే. కరెంటు లోటును డబ్బు పెట్టి కొని పూడ్చుకోవచ్చు, పొట్ట దశలో ఎండిన వరికి తర్వాత ఎన్ని నీళ్లు ఇచ్చినా తిరిగి రాదు. డెల్టా వాదనకు బలం ఈ తేడాలోనే ఉంది. కానీ వేసవిలో బయట కొన్న ఖరీదైన కరెంటు భారం చివరికి వినియోగదారుల బిల్లుల్లోకే వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ పోటీని మరింత పెంచేది యూనిట్ల మరమ్మతులు. పొల్లూరులో యూనిట్లు ఆగిపోతే నీళ్లు టర్బైన్ల గుండా పోలేవు. పంట కాపాడాలంటే డొంకరాయి దగ్గర నేరుగా నదిలోకి వదలాలి. చేనుకు నీరు అందుతుంది, కరెంటు మాత్రం ఒక్క యూనిట్ కూడా రాదు. టీఎంసీకి, వంద మీటర్లకు 70 లక్షల యూనిట్లు అన్న లెక్కతో చూస్తే, అంతకంటే ఎక్కువ ఎత్తున్న ఆ దిగుడును వృథా చేయడం ఎంత నష్టమో తెలుస్తుంది. దాదాపు యాభై ఏళ్ల వయసున్న యంత్రాలను సీజనుకు ముందే సరిచేసుకోవడం దాళ్వా ప్రణాళికలో భాగం కావాలి. ఆ రెండింటినీ వేర్వేరు శాఖల పనిగా చూడటం ఈ వ్యవస్థలో పెద్ద లోపం.

## శ్రీశైలంతో పోలిస్తే

శ్రీశైలంలోనూ కరెంటుకు, సాగుకు పోటీ ఉంది. కానీ ఆ పోటీ తీరు వేరు. అక్కడ రాయలసీమ కాలువకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ జలాశయంలోంచే, పవర్‌హౌస్‌కు ముందే నీళ్లు తీసుకుంటుంది. మట్టం పడిపోతే దానికి నీళ్లు అందవు. టర్బైన్ నడిచిన ప్రతి గంటా రాయలసీమ కాలువకు అందాల్సిన మట్టం తగ్గుతుంది. 2021 వేసవి చివర తెలంగాణ అక్కడ కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టినప్పుడు ప్రాజెక్టుల దగ్గర రెండు రాష్ట్రాల పోలీసులు మోహరించేదాకా వెళ్లింది.

సీలేరులో సాగు చిట్టచివరి మెట్టు మీద ఉంది. టర్బైన్లు తిప్పిన నీరే చేలకు పోతుంది. కాబట్టి కరెంటు ఉత్పత్తి ఆగాలని డెల్టా రైతు ఎప్పుడూ అడగడు. ఇంకా ఎక్కువ నడపమనే అడుగుతాడు. తగువు నీళ్లు ఎవరివన్నది కాదు, ఏ నెలలో అన్నది మాత్రమే. ఒప్పందంతో తీర్చుకోవడానికి ఇది చాలా తేలికైన తగువు.

## 460 మెగావాట్లు ఎటు పోయాయి?

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు దిగువ సీలేరు పేరు తెలంగాణలో ఎక్కువగా వినపడింది. చింతూరు మండలం మోతుగూడెం, పొల్లూరు అప్పటిదాకా ఖమ్మం జిల్లాలో ఉండేవి. పోలవరం ముంపు కారణంగా ఆ జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. వాటితోపాటే 460 మెగావాట్ల కేంద్రం కూడా వెళ్లింది. కరెంటు కోతలతో సతమతమవుతున్న కొత్త రాష్ట్రానికి, యూనిట్ ధర అతి తక్కువ ఉన్న కేంద్రం పోవడం గట్టి దెబ్బేనన్నది తెలంగాణ వాదన. నదీ వ్యవస్థ కోణంలో చూస్తే, పై మెట్లన్నీ ఒకరి చేతిలో, ఆఖరి మెట్టు మరొకరి చేతిలో ఉండి ఉంటే డెల్టా విడుదలలకు ఏటా మరో అంతర్రాష్ట్ర చర్చ అవసరమయ్యేది.

## వరద రోజుల్లో

భారీ వర్షాల్లో డొంకరాయి గేట్లు ఎత్తినప్పుడు చింతూరు, కూనవరం వైపు టెన్షన్ మొదలవుతుంది. కరెంటు కోసం కట్టిన జలాశయాలను వీలైనంత నిండుగా ఉంచుతారు, ఎత్తు ఎంత ఉంటే అంత లాభం కాబట్టి. వరదను ఆపుకోవడానికి ఖాళీ చోటు అందుకే తక్కువగా ఉంటుంది. పైగా గోదావరి పొంగినప్పుడు కూనవరం దగ్గర శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి ఒడ్డు ఊళ్లు మునిగింది ఇలాగే. ఆనకట్ట వరదను పుట్టించదు. కానీ గోదావరి తగ్గేదాకా పైన కాస్త నీరు ఆపగలిగితే శబరి లోయకు కొన్ని గంటలు కలిసొస్తాయి. అందుకు ముందుగానే మట్టం కొంత దించి ఉంచాలి, అంటే కొంత కరెంటు వదులుకోవాలి.

## నీటి కింద పోయినవి

జోలాపుట్, బలిమెల నిండినప్పుడు మునిగింది ఖాళీ లోయలు కాదు. నది ఒడ్డున పల్లపు భూములున్న ఊళ్లు. గదబ, దిదాయి లాంటి ఆదివాసీ సమాజాలు తరతరాలుగా సాగు చేసుకున్న మడులు అవి. మాచ్‌ఖండ్ నాటికి దేశంలో పునరావాసానికి ఇప్పుడున్న చట్టాలేవీ లేవు. వేలమంది పైకొండలకు జరిగారు, అక్కడ పోడు కొట్టుకున్నారు. అడవి తగ్గిన వాలు మీద వాన పడితే మట్టి కొట్టుకొచ్చి అదే జలాశయంలో చేరుతుంది. నిర్వాసితుల కష్టం, జలాశయం ఆయుష్షు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

బలిమెల వల్ల ఇంకో విచిత్రమైన నష్టం జరిగింది. చిత్రకొండ అవతల 151 ఊళ్లు మునగలేదు, కానీ మూడు వైపులా నీళ్లు చేరి బయటి ప్రపంచానికి దూరమయ్యాయి. రేషను బియ్యం, మందు, బాలింత ఆసుపత్రికి పోవడం అన్నీ లాంచీ మీదే. జనం ఆ ప్రాంతాన్ని 'కటాఫ్ ఏరియా' అన్నారు. ప్రభుత్వం చేరలేని చోటు కావడంతో మావోయిస్టులకు అది స్థావరమైంది. 2008 జూన్ 29న అదే జలాశయంలో లాంచీ మీద దాడి జరిగి 38 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది మావోయిస్టుల మీద పనిచేసే ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ జవాన్లు. వంతెనకు 1982లో శంకుస్థాపన జరిగింది. 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరుచుకున్నది 2018 జులైలో. జలాశయం కట్టగలిగిన రాష్ట్రాలకు దాని మీద వంతెన వేయడానికి ముప్పై ఆరేళ్లు పట్టడాన్ని ఇంజినీరింగ్ కష్టాలతో మాత్రమే సమర్థించలేం. కరెంటు ఖర్చు లెక్కలో ఆ ఊళ్ల ఏళ్లు ఎక్కడా చేరలేదు.

## పంప్డ్ స్టోరేజీ వస్తే

ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రాన్ని ఏపీ జెన్‌కో ప్రతిపాదించింది. పైన గుంటవాడ, కింద డొంకరాయి, రెండూ ఉన్న జలాశయాలే. మధ్య ఎత్తు తేడా 320 అడుగుల పైచిలుకు. మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగిలినప్పుడు డొంకరాయి నీటిని గుంటవాడకు తోడతారు, సాయంత్రం మళ్లీ కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడడానికి వంద యూనిట్లు ఖర్చయితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. నష్టమే, కానీ పారేయాల్సిన మధ్యాహ్నపు కరెంటును సాయంత్రం దొరకని కరెంటుగా మార్చడం వల్ల లాభం. శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ కేంద్రాల్లో ఇలా రెండు వైపులా తిరిగే యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి.

ఒకే నీరు పైకీ కిందికీ తిరుగుతుంది కాబట్టి సిద్ధాంత రీత్యా డెల్టా వాటా తగ్గదు. ఆచరణలో ఒక మెలిక ఉంది. తోడడానికి డొంకరాయిలో ఎప్పుడూ కొంత నీరు ఉండాలి. మార్చిలో డెల్టాకు ఆఖరి విడతలు కావాల్సినప్పుడు ఆ కనీస మట్టాన్ని ముట్టుకోవచ్చా లేదా అన్నది ముందే రాసుకోవాలి. కేంద్రం నడక మొదలయ్యాక ఈ నియమం గురించి మాట్లాడితే, రోజూ లాభం చూపించే కరెంటు వాదనే నెగ్గే అవకాశం ఎక్కువ.

## పోలవరం నిండితే

పొల్లూరు నుంచి వచ్చే నీరు ధవళేశ్వరం చేరే దారిలోనే పోలవరం ఉంది. 150 అడుగుల పూర్తి మట్టంలో దాని నిల్వ 194 టీఎంసీలకు పైగా. అది నిండిన రోజున సీలేరు లెక్క మౌలికంగా మారుతుంది. జెన్‌కో తనకు ఇష్టమైన నెలలో నీళ్లు వదిలినా అవి పోలవరంలో నిలుస్తాయి, డెల్టా తనకు కావలసిన నెలలో వాడుకుంటుంది. నెలల తగువుకు అదే సూటి పరిష్కారం. అయితే పోలవరం నిల్వలో కుడి, ఎడమ కాలువలకు, తాగునీటికి, పరిశ్రమలకు, కృష్ణా డెల్టాకు కూడా వాటాలున్నాయి. పాత డెల్టా ప్రాధాన్యం ఎంతన్నది నిర్వహణ నియమాల్లో స్పష్టంగా ఉండాలి.

ఆ పరిష్కారం కోసం నీరు వెనక్కి పాకేది మళ్లీ శబరి లోయలోకే. కూనవరం, చింతూరు, వీఆర్‌పురం మండలాల్లో కోయ, కొండరెడ్ల ఊళ్లు ఆ ముంపులో ఉన్నాయి. జోలాపుట్ కట్టినప్పుడు పునరావాస చట్టం లేదు. ఇప్పుడు 2013 భూసేకరణ చట్టం ఉంది, అటవీ హక్కుల చట్టం ఉంది. పోలవరంలో మట్టం ఎంతవరకు పెంచవచ్చన్నది ఆ మండలాల్లో పునరావాసం ఎంతవరకు పూర్తయిందన్న దానిమీదే ఆధారపడి ఉంది. అది తేలేదాకా ప్రతి నవంబరులో డెల్టా రబీ ప్రణాళికలో సీలేరు నీళ్లకు ఒక గడి ఉంటుంది. బలిమెలలో ఆంధ్రా ఖాతాలో ఎంత మిగిలిందో, పొల్లూరులో ఎన్ని యూనిట్లు తిరుగుతున్నాయో తెలిస్తే గానీ ఆ గడి నిండదు.